ఎనిమిది కాపీలు

పోలమాంబ గుడి వీధిలో మా ఫోటో స్టూడియో.
ఉప్పుగాలికి తుప్పు పట్టి షట్టరు సగం దాకే లేస్తుంది,
పొడుగువాళ్లు తల వంచి రావాలి.
ఆమె వంచి వచ్చింది.

బెంచీ మీద ముగ్గురున్నారు.
ముగ్గురూ కొంచెం కొంచెం జరిగారు.
చోటివ్వడానికేమో అనుకున్నాను.
గోడవైపు చివర్లో ఒకరినొకరు ఒరుసుకుని కూర్చున్నారు,
బెంచీలో ఎండ పడ్డ సగం ఖాళీగా మిగిలింది.
ఆమె నిల్చునే ఉంది.

బిస్కెట్టు కోసం ఏడుస్తున్న పిల్లాడితో వాళ్లమ్మ అంది:
"నోరు ముయ్యకపోతే ఆ నల్లామెకిచ్చేత్తాను సూడు."
అందరం నవ్వాం.
అందరం అన్నాను కదా, అందులో నేనున్నాను.
పిల్లాడు నవ్వలేదు. ఏడుపు మానేసి
ఆమె జూకాలకేసి చూస్తున్నాడు,
పసుపు పూసలు, చిన్న చేపల్లా ఊగుతున్నాయి.

"డబ్బులు ముందే తీసుకో" లోపల్నుంచి ఓనరు గొంతు.
బెంచీ మీది వాళ్లెవర్నీ ముందు అడగలేదు.
నేను నోరు తెరిచేలోపే
వంద నోటు బల్ల మీద ఉంది,
మడత లేకుండా, బొమ్మ నా వైపు తిరిగి.
ఎన్ని కొట్ల దగ్గర నేర్చుకుందో ఈ తొందర.

కవరు మీద పేరు రాయాలి.
తమండా, అంది. మలావి. యూనివర్సిటీలో మూడో ఏడు.
తెలుగులో రాశాను. తమ. అండ.
బాగానే కుదిరిందే అనుకున్నాను.
ఇందాక నవ్విన నోరింకా పూర్తిగా మూతపడలేదు.

తర్వాతది చెయ్యి చేసిన పని.
మౌసు దానంతటదే మీట దగ్గరికి వెళ్లింది.
తెలుపు, పద్దెనిమిది.
ఈ స్టూడియోలో ఎవరి ముఖమైనా పద్దెనిమిదే.
జాలరిపేట ఆడపిల్లల పెళ్లి ఫోటోలకి,
పోర్టు కలాసీల గేటు పాసులకి,
స్కూలు ఐడీ కార్డులకి కూడా.
వాళ్లు అడగరు, మేం చెప్పం.
నా పెళ్లిచూపుల ఫోటోకి నేనే ఇరవై ఐదు పెట్టుకున్నాను.
వచ్చినవాళ్లు ఆ ఫోటో చేత్తో పట్టుకుని
గుమ్మంలో నన్నే అడిగారు,
"నూకరత్నం ఇంట్లో లేదా అమ్మా?"

ఎనిమిది కాపీలు కత్తిరించి ఇచ్చాను.
వెలుతురులోకి పట్టుకెళ్లి చూసింది, చాలాసేపు.
"అక్కా, ఇది నా చెల్లిలా ఉంది."
మెల్లగా అంది, వత్తులన్నీ సరిగ్గా పలుకుతూ.
"నాకు చెల్లి లేదు."

తెలుగులో.
అంటే పిల్లాడి తల్లి మాట, ఓనరు మాట,
మా నవ్వుకి కారణం,
అన్నీ.
తల్లి కొంగు సర్దుకుంది.
ఒకాయన లేని మెసేజీ ఏదో ఫోన్లో వెతుక్కున్నాడు.

మీట వెనక్కి లాగాను. పన్నెండు. ఏడు. సున్నా.
చెంపల మీంచి బూడిద దిగిపోయింది.
కనుబొమ్మ పక్కన పాత గాటొకటి తేలింది,
దాన్ని చెరిపేశానని నాకే తెలీదు.
నుదుటి మీద రాగి, గడ్డం కింద నీలం.
నలుపులో ఇన్ని ఉంటాయని
పదకొండేళ్ల పనిలో ఒక్కసారీ చూడలేదు.
అద్దంలోనూ చూడలేదు.

"రెండోసారి కాయితం ఖర్చెవరిది?" ఓనరు.
నాది, అనాలి.
గొంతు దాకా వచ్చింది,
నెలాఖరని గుర్తొచ్చి దిగిపోయింది.
ఆమే ఇచ్చింది ఇంకో అరవై.
తల వంచి షట్టరు కింద నుంచి వెళ్లిపోయింది.
పిల్లాడొక్కడే చెయ్యి ఊపాడు.
వాళ్లమ్మ ఆ చెయ్యి పట్టి కిందికి దించింది.

మొదటి ఎనిమిదీ నా సొరుగులో ఉన్నాయి.
లేని చెల్లి, ఎనిమిది సార్లు.
పారెయ్యడానికి చెయ్యి రాదు.

ఇప్పుడు పొద్దున్నే, ఓనరు రాకముందే వచ్చి
మీటని సున్నా దగ్గర పెడుతున్నాను.
మధ్యాహ్నానికి మళ్లీ పద్దెనిమిది.
ఎవరు మారుస్తున్నారో కాపు కాశాను.
ఒకసారి ఓనరు.
రెండుసార్లు వాళ్ల బావమరిది.
మిగతా అన్నిసార్లూ
నా చూపుడువేలే.